నాలుగో గేరు కోసం రువైస్ దాకా

ఖతర్ వెళ్ళొచ్చానని చెబితే మా ఊళ్ళో అందరూ "దుబాయ్ ఎట్లున్నది?" అని అడుగుతారు. దుబాయ్ నేను చూడలేదు. నేను చూసింది ఖతర్‌లోని దోహా పట్నం. అందులోనూ ఎక్కువగా చూసింది ఒక మెకానిక్ షెడ్డు. అద్దాల మేడల గురించి, బంగారం దుకాణాల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాటి కోసం నేను రాసింది చదవక్కరలేదు. నేను రాసేది ఒక పాత కారుకు గేరుబాక్సు ఎంచుకోవడం గురించి. ఆడవాళ్ళకు ఆ సంగతులెందుకు అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను యాభైకి దగ్గరపడ్డాక అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు చాలా ఏళ్ళు మా ఊళ్ళో పిండి గిర్ని నడిపాను. మా ఆయన పోయినప్పుడు గిర్ని అమ్మేయమని చెప్పినవాళ్ళే, నేను పలక పట్టుకుని మహిళా సంఘం వాళ్ళ బడికి పోతుంటే నవ్వారు. కూతురు శిరీషను మెకానికల్ ఇంజినీరింగులో చేర్పిస్తే ఇంకా గట్టిగా నవ్వారు. ఆ పిల్ల దోహాలో పాత కార్లు బాగుచేసే గరాజ్‌లో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు మాత్రం నవ్వలేదు. "ఆడపిల్లను దుబాయ్ తోలినవా?" అన్నారు. తోలాను. పోయిన చలికాలంలో నేనూ వెళ్ళి రెండు వారాలు ఉండి వచ్చాను.

అల్ ముంతజా

శిరీష ఉండే ఫ్లాటు అల్ ముంతజాలో ఉంది. మూడు గదులకు మూడు తాళాలు, అందరికీ కలిపి ఒకే వంటిల్లు. మిగతా రెండు గదుల్లో కేరళ నర్సులు ఉంటారు. ఉప్పు డబ్బా మీద కూడా పేరు రాసుకుంటారు. మా దగ్గర పక్కింటి నుంచి గిన్నెడు చింతపండు తెచ్చుకుని మరిచిపోవడం మామూలే, ఇక్కడ ఒక చెంచా చక్కెర వాడుకున్నా చెప్పి వాడుకోవాలి. మొదట నాకిది పిసినారితనం అనిపించింది. నాలుగు రోజులయ్యాక హాయిగా ఉందనిపించింది. ఎవరూ ఎవరి డబ్బా మూత తీసి చూడరు.

మొదటి రోజు పప్పుకు తాలింపు పెడుతుంటే ఎండుమిరపకాయల ఘాటు లేచింది. వెంటనే పైకప్పులో ఏదో గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది. నేను స్టవ్ ఆపి, సిలిండర్ ఎక్కడుందో వెతుకుతుంటే డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న నర్సు పరుగెత్తుకొచ్చింది. కుర్చీ ఎక్కి, తెల్లగా గుండ్రంగా ఉన్న ఆ గంటకు ప్లాస్టిక్ స్నానాల టోపీ తొడిగింది. అరుపు ఆగిపోయింది. పొగ వస్తే అరవడం ఆ గంట పని, అందుకని ఇంట్లో తాలింపు పెట్టేముందు దానికి టోపీ తొడగడం ఇక్కడి ఆచారమట. "ముందుగాల చెప్పొద్దానే?" అన్నాను శిరీషతో.

"అమ్మా, నువ్వు వచ్చీ రాంగనే వంటింట్ల సొర్రుతవని నాకేం ఎర్క?"

కింద కూరగాయల కొట్టులో కల్యామాకు, అదే కరివేపాకు, కట్ట రెండు రియాళ్ళు. మన డబ్బుల్లో దాదాపు యాభై రూపాయలు. బంగ్లాదేశ్ కొట్టు అతనితో నాకు వచ్చిన హిందీలో బేరమాడాను. అతను నవ్వి, "మాఫీ, ఖాలా, మాఫీ" అన్నాడు. లేదు పిన్నీ, కుదరదు అని. అయినా కట్టకు ఇంకో రెమ్మ జోడించాడు. నేను ఇంకో రెమ్మ అడిగి తీసుకున్నాను.

ఇండస్ట్రియల్ ఏరియా

రెండో రోజు పొద్దున్నే శిరీష వెంట ఇండస్ట్రియల్ ఏరియాకు పోయాను. అక్కడ వీధులకు పేర్లు లేవు, నంబర్లే. రోడ్డు పొడుగునా కంపెనీ బస్సులు, కిటికీలకు తలలు ఆనించి నిద్రపోతున్న మనుషులు. టైర్ల కొట్లు, ఇనుప కొట్లు, రంగుల కొట్లు దాటాక శిరీష పనిచేసే గరాజ్ వచ్చింది. ఆమె పని ఏ కారుకు ఏ భాగం కావాలో చూసి, ఎంచి, తెప్పించడం. బిగించే పని మెకానిక్‌లది. వాళ్ళ ఫోర్‌మన్ పోశన్న మా వైపు మనిషే, మెట్‌పల్లి దగ్గరి పల్లె. మీసాలు రాకముందు గల్ఫ్‌కు వచ్చాడట, ఇప్పుడు అవి నెరిశాయి.

"ఏందక్కా, సీదా షెడ్డుకే వస్తివి. ఎవ్వలన్న వస్తే ముందుగాల సముద్రం జూస్తరు," అన్నాడు.

"సముద్రం ఏడికి పోతది తమ్మీ. నా బిడ్డ పని జేసే జాగ జూస్తానికి వచ్చిన."

"సూడు మంచిగ సూడు. నీ బిడ్డ మా అందరి పని జేస్తున్నది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ ఆ మాటలో ముల్లు ఉంది.

ఆ ముల్లు ఏమిటో లోపలికి వెళ్ళాక తెలిసింది. షెడ్డు మధ్యలో ముదురాకుపచ్చ రంగు కారు నిలబడి ఉంది. అమెరికాది, రెండే తలుపులు, ముందు భాగం మా గిర్ని అరుగంత పొడుగు. నా పెళ్ళికంటే ముందు తయారైన బండి. దాని యజమాని అబూ ఫాహద్ అనే పెద్దాయన, ఇక్కడి మనిషి. అది ఆయన తండ్రి నడిపిన కారు. ఇన్నేళ్ళూ షెడ్డులో పడి ఉంటే, మళ్ళీ దేశమంతా తిప్పాలని బాగు చేయిస్తున్నాడు.

చిక్కు గేరుబాక్సు దగ్గర వచ్చింది. ఆ కారుతో పుట్టిన ఆటోమేటిక్ బాక్సులో మూడే గేర్లు. ఇప్పటి రోడ్ల మీద మూడో గేరులో దౌడు తీస్తే ఇంజను అరిచి అరిచి వేడెక్కిపోతుంది. నాలుగో గేరు ఉండే బాక్సు వేయాలి. ఆ నాలుగోదాన్ని ఓవర్‌డ్రైవ్ అంటారు. శిరీష చెబితే నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే మా గిర్నిలోనూ అదే లెక్క. మోటారుకు పెద్ద చక్రం, రాయికి చిన్న చక్రం వేసి బెల్టు తగిలిస్తే, మోటారు ఒక చుట్టు తిరిగేలోపు రాయి ఒకటి కంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజను నింపాదిగా తిరుగుతుంటే బండి మాత్రం వేగంగా పోతుంది.

అటువంటి బాక్సులు రెండు రకాలు దొరుకుతున్నాయి. ఒకటి పెద్దది, లారీ బరువునైనా మోస్తుంది. కానీ దాన్ని నడపడానికి కంప్యూటర్ కావాలి. పైగా అది కారు కింద పట్టదు, కాళ్ళ దగ్గరి నేల రేకు కోసి, ఎత్తు పెంచి, మళ్ళీ అతకాలి. రెండోది చిన్నది. ఏమీ కోయకుండా కూర్చుంటుంది, ఇంజను నుంచి ఒక వైరు లాగితే చాలు. శిరీష చిన్నదాన్ని ఎంచింది. పోశన్నకు పెద్దదే నమ్మకం.

నేను రాకముందే చిన్న బాక్సు ఒకటి తెప్పించి బిగించారు. అది వారం తిరగకముందే లోపల కాలిపోయింది.

"గా డబ్బాల దమ్ము లేదక్కా," అన్నాడు పోశన్న.

"డబ్బాల దమ్ముంది కాకా. వైరు లూజు పెట్టిన్రు," అంది శిరీష.

పాత మూడు గేర్ల బాక్సుకూ అలాంటి వైరే ఉంటుందట. అది వదులుగా ఉన్నా నష్టం లేదు, గట్టిగా తొక్కినప్పుడు కింది గేరుకు దిగమని చెప్పడమే దాని పని. కొత్త బాక్సులో వైరు పని వేరు. లోపలి క్లచ్ పళ్ళేలు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకోవాలో అది చెబుతుంది. వదులైతే పట్టు జారుతుంది, జారితే కాలుతుంది. మెకానిక్‌లు ఎప్పటి అలవాటు కొద్దీ పాతదానికి పెట్టినట్టే పెట్టారని శిరీష వాదన. మేనేజరు ఇద్దరి మాటా విని రెండో చిన్న బాక్సు తెప్పించాడు. వచ్చే శనివారం కారును ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న రువైస్ దాకా నడిపి తేవాలి. నిలబడితే అదే ఉంటుంది. కాలితే పెద్దది వేస్తారు, నేల కోస్తారు, శిరీష మళ్ళీ ముందు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తాలి. వచ్చిన మొదటి ఏడాది ఆమె చేత చేయించింది ఆ పనే. ఇంజినీరింగు చదివిన పిల్ల "హలో, గరాజ్" అంటూ ఏడాది గడిపింది.

బర్వా అల్ బరాహా దగ్గర

శుక్రవారం సెలవు. పోశన్న మమ్మల్ని భోజనానికి పిలిచాడు. అతను ఉండేది బర్వా అల్ బరాహాలో, వేలమంది కార్మికులు ఉండే పెద్ద వాడ. లోపల అంతా మగవాళ్ళ గదులే కాబట్టి దగ్గరలోని తెలుగువాళ్ళ మెస్సుకు రమ్మన్నాడు. శిరీష రానంది, ఆమెకు విషయం ముందే తెలిసి ఉంటుంది. నేను ఒక్కదాన్నే వెళ్ళాను. పోశన్న టాక్సీ పంపాడు.

మెస్సు ముందు తెలుగు బోర్డు కనిపించగానే నిలబడి మొత్తం చదివాను. బగార అన్నం, తలకాయ కూర, బోటి, అంబలి. నేను లోపలికి అడుగు పెట్టేసరికి మాటలు తగ్గాయి. చాలామంది లుంగీలు సర్దుకున్నారు. ఒక మూలలో బల్ల ఖాళీ చేసి, నాకూ మిగతావాళ్ళకూ మధ్య దుప్పటి కట్టబోయారు.

"దుప్పటెందుకు బిడ్డా, నేనేమన్న కొత్త పెండ్లి పిల్లనా?" అన్నాను. అందరూ నవ్వారు. దుప్పటి మళ్ళీ మడిచి పెట్టారు.

తలకాయ కూర మా ఇంటి కూరలాగే ఉంది, కారం మాత్రం నా చెయ్యి కంటే ఎక్కువ. పచ్చి పులుసు ఉల్లిగడ్డలతో, నువ్వుల పొడితో చేశారు. ప్లేటు ధర ఎంతని అడిగితే పోశన్న చెప్పనివ్వలేదు. పక్క బల్ల మీద కూర్చున్న జగిత్యాల మనిషి మాత్రం నన్ను ఊరి సంగతులు అడిగాడు, వానలు, పసుపు ధర, మా వైపు బస్సు ఇప్పుడు ఏ టైముకు వస్తుంది అని. బస్సు మానేశారని చెబితే చాలాసేపు నమ్మలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పెద్దమనుషుల చేత ఒక మాట ఒప్పించుకోవాలంటే ముందు కడుపు నిండా పెడతారు. తిన్నాక కాదనడం కష్టమని పెట్టేవాళ్ళకూ తెలుసు, తినేవాళ్ళకూ తెలుసు. పోశన్న నా విస్తట్లో రెండోసారి కూర వేసినప్పుడే నాకు అర్థమైంది.

"అక్కా, పిల్ల తెల్విగల్లదే, నేను కాదన," అన్నాడు. "గని రెండో డబ్బా గూడ కాలిందనుకో, కంపెనీ పిల్లను అడగది. బిగించింది ఎవ్వలని నన్ను అడుగుతది. ఈ ఉమర్ల నన్ను ఇంటికి తోలితే నేనేం జెయ్యాలె?"

"నాతోని ఏమైతది తమ్మీ?"

"నువ్వు జెప్తే ఇంటది. పెద్ద డబ్బనే ఎయ్యిమని ఆ పిల్లనే అననియ్యి. తన నోట్లెకెళ్ళి వచ్చిందంటే పిల్ల ఇజ్జత్ గూడ ఉంటది, నా పని గూడ ఉంటది. తల్లివి, ఒక్క మాట జాలు."

అతని భయం అబద్ధం కాదు. అతని చేతులు చూశాను, గోళ్ళ సందుల్లో ఇన్నేళ్ళ నలుపు. కానీ అతను అడిగింది ఏమిటి? చదువుకున్న పిల్ల నోరు తల్లి చేత మూయించమని. మా ఊళ్ళో నన్ను చాలామంది అదే అడిగారు. పెళ్ళి సంగతిలో అడిగారు, చదువు సంగతిలో అడిగారు. ఇంత దూరం వచ్చినా అదే అడుగుతున్నారు.

"తమ్మీ, నీ బువ్వ తిన్న. బాగున్నది," అన్నాను. "మాట మాత్రం ఇయ్య. ఏ డబ్బ మంచిదో నాకు ఎర్కలేదు. ఎర్కలేని సంగతిల నా బిడ్డకు నేను ఎందుకు జెప్పాలె? నీకు చెప్పేది ఉంటే దానితోనే చెప్పు. వాదించు. కొట్లాడు. నడుమ నన్ను పెట్టకు."

పోశన్న మొహం నల్లబడింది. "పైసలున్నోళ్ళ లెక్క మాట్లాడుతున్నవ్ అక్కా," అన్నాడు. పెరుగు తెమ్మని కేకేశాడు కానీ నా విస్తట్లో వేయలేదు. నేనే గిన్నె లాక్కుని వేసుకున్నాను.

ఫ్లాటుకు తిరిగొచ్చాక శిరీషకు అంతా చెప్పాను.

"కాలితే?" అంది.

"కాలితే ఫోన్లు ఎత్తుతవ్. పోయినసారి ఎత్తినవ్ గద. గప్పుడు నువ్వే ఏదన్న సోంచాయిస్తవ్."

ఆ సాయంత్రం మేమిద్దరం సముద్రం చూశాం. బాగుంది. ఐస్‌క్రీము ధర బాగాలేదు.

ఉత్తరం రోడ్డు

శనివారం పొద్దున కారు బయలుదేరింది. పోశన్న నడుపుతాడు, పక్కన అబూ ఫాహద్, వెనక శిరీష. నేను వెళ్ళడం ఎట్లా కుదిరిందంటే, ఇద్దరు మగవాళ్ళ మధ్య పిల్లను ఒంటరిగా దూరం తీసుకుపోవడం బాగుండదని, "అమ్మను కూడా తీసుకురా" అని అబూ ఫాహదే కబురు పెట్టాడు. తెల్లటి గడ్డం, తెల్లటి పొడుగు అంగీ, చేతిలో జపమాల. హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు, ఆయన తండ్రి దగ్గర పనిచేసిన బొంబాయి డ్రైవర్ నేర్పాడట.

రెండు తలుపుల కారులో వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, నడుం వంచి దూరాలి. చీరతో అది ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. కొంగు తలుపులో ఇరుక్కుంది, ఎవరూ చూడలేదు. రోడ్డెక్కాక బయట ఏదో పటపట కొట్టుకుంటుంటే కారులో లోపం అనుకుని అందరూ భయపడ్డారు. ఆపి చూస్తే నా కొంగు. అబూ ఫాహద్ జపమాల పట్టుకునే నవ్వాడు.

ఊరి చివర టీ కొట్టు దగ్గర ఆపారు. ఇక్కడ ఎవరూ బండి దిగరు. హారన్ కొడితే కొట్టులో మనిషి పరుగెత్తుకొచ్చి, అడిగి, మళ్ళీ పరుగెత్తి టీ తెచ్చి కిటికీలో ఇస్తాడు. ఒకేసారి ఐదారు బండ్లు హారన్ కొడుతుంటే ఆ మనిషి ఎటు పరుగెత్తాలో తెలియక తిరుగుతున్నాడు. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. సీటు వంచమని దిగి, కౌంటరు దగ్గరికి పోయి నాలుగు టీలు నేనే తెచ్చాను.

"కూసోరాదక్కా, బేఇజ్జతి జేస్తున్నవ్," అన్నాడు పోశన్న. మెస్సు తర్వాత అతను నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"కాళ్ళున్నయ్ గద తమ్మీ."

టీ చిక్కగా, యాలకుల వాసనతో, మన చాయ్‌ని ఇంకో గంట మరిగించినట్టు ఉంది. కప్పు రియాలున్నర.

ఆ తర్వాత అంతా చదునైన నేల. మన వైపు ఎండాకాలంలో కోసేసిన మక్కజొన్న చేను ఎట్లా ఉంటుందో అట్లా, చేను మాత్రం లేదు. అక్కడక్కడ ఆకుపచ్చ వలలు కప్పిన తోటలు, కంచె అవతల ఒంటెలు. పోశన్న వేగం పెంచాడు. ఇంజను గొంతు పెరిగింది, పెరిగింది, ఉన్నట్టుండి తగ్గింది. నాలుగో గేరు పడింది. బండి అదే వేగంతో పోతోంది, లోపల మాట వినిపిస్తోంది. అబూ ఫాహద్ తల వెనక్కి ఆనించి ఏదో అరబ్బీలో అన్నాడు, మెచ్చుకున్నట్టే అనిపించింది. శిరీష మాత్రం మెచ్చుకోలు వినడం లేదు. ముందు టేపుతో అంటించిన వేడి చూపే మీటరు వైపే సీట్ల సందులోంచి చూస్తోంది.

ముందు వాసన పట్టింది నేను. గిర్నిలో బెల్టు పట్టు జారినప్పుడు రాయి నెమ్మదిస్తుంది, మోటారు వట్టిగా ఉరుకుతుంది, అప్పుడొక వాసన వస్తుంది. ఇది రబ్బరు వాసన కాదు, నూనె వాసన, కానీ ఆ జాతిదే.

"శిరీషా, ఏదో జారుతున్నది," అన్నాను.

"సూది లేస్తున్నది. కాకా, పక్కకు ఆపు," అంది.

"సాబ్‌ను అడిగి..."

"ఆపు కాకా."

రోడ్డు పక్కన

పోశన్న ఆపాడు. దిగీ దిగగానే, "జెప్పిన గద. గీ డబ్బ అంతే," అన్నాడు. కొంచెం దూరం నడిచి మేనేజరుకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

శిరీష బానెట్ ఎత్తి, గేరుబాక్సులోకి దిగే సన్నటి కడ్డీ లాగి, తెల్ల గుడ్డ మీద తుడిచింది. నూనె ఇంకా ఎర్రగానే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, నాకూ చూపించింది. మాడిన వాసన ఉంది కానీ కొద్దిగానే. నల్లబడి ఉంటే అక్కడితో అయిపోయేది. తర్వాత వైరు పట్టుకుంది. అది మెత్తగా వేలాడింది.

"మొన్న సాయంత్రం నేనే బిగించిన అమ్మా. ఎవరో లూజు జేసిన్రు," అంది. పోశన్న వైపు తిరిగింది. "కాకా, ఎవరు?"

పోశన్న ఫోన్ చెవి దగ్గర్నుంచి దించాడు. దాచలేదు. "నేనే జేసిన పొద్దుగాల. గేరు మారినప్పుడల్ల గుద్దుతున్నదని సాబ్ మొన్న అన్నడు. సాబ్‌కు గుద్దుడు రావద్దని జెర వదులు జేసిన. ఇన్నేండ్ల సంది సాబ్‌ల బండ్లు గట్లనే జేస్తున్నం."

అబద్ధం చెప్పినట్టు నాకు అనిపించలేదు. ఎదుటి పెద్దమనిషి మొహం చిట్లితే అది పోగొట్టాలి, అదే అతను నేర్చుకున్న పని. ఇన్నేళ్ళు ఇక్కడ నిలబడింది దాంతోనే. కానీ దాంతోనే నా బిడ్డ చేసిన పని కాలిపోబోయింది. నాకు కోపం వచ్చింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

శిరీష అరవలేదు. "గది పాత డబ్బకు కాకా. దీనికి గట్ల జేస్తే సచ్చిపోతది," అంది. బాక్సు చల్లారేదాకా అందరం ఎండలో నిలబడ్డాం. చలికాలం ఎండ కాబట్టి సరిపోయింది. తర్వాత ఆమె ఇంజను మీద వంగి, వైరు చివర ఉన్న చిన్న బొడిపె నొక్కి పట్టుకుంది. "కాకా, నువ్వు లోపల కూసోని పెడలు మొత్తం తొక్కాలె."

పోశన్న కదలలేదు. ఫోన్‌లో మేనేజరు ఇంకా ఏదో అంటున్నాడు.

నేను వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. "ఏ పెడలే?"

"కుడి దిక్కుది. ఇంజను బంద్ ఉన్నది, భయపడకు."

"ఎవరు భయపడుతున్నరు?"

చెప్పు విడిచి, నేలకంటా తొక్కాను. ముందు నుంచి కట్, కట్, కట్ మని చప్పుడు వచ్చింది. వైరు తనంతట తాను బిగుసుకుంటుందట, ఆ చప్పుడే గుర్తు. "సాలు, ఇడువు," అంది శిరీష. అబూ ఫాహద్ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. నేను దిగబోతుంటే లేచి వచ్చి, ఇప్పుడు తాను నడుపుతానన్నాడు. పోశన్న ఆయన పక్కన కూర్చున్నాడు.

బండి కదిలింది. మొదటి గేరు నుంచి రెండుకు మారేటప్పుడు వీపు మీద చరిచినట్టు గుద్దింది. రెండు నుంచి మూడుకు మళ్ళీ. అబూ ఫాహద్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. "యే తో మార్‌తా హై," అన్నాడు. ఇది కొడుతోంది కదా అని.

"మారేగా," అంది శిరీష. "నహీఁ మారా తో జలేగా."

కొడుతుంది, కొట్టకపోతే కాలుతుంది. ఆ పెద్దమనిషితో అంత సూటిగా మాట్లాడినవాళ్ళు ఆ షెడ్డులో ఎవరూ ఉండరు. పోశన్న కళ్ళు మూసుకున్నాడు. అబూ ఫాహద్ పెడలు ఇంకా తొక్కాడు. మూడు నుంచి నాలుగుకు కూడా గుద్దుతూనే మారింది, ఆ తర్వాత ఇంజను నెమ్మదించింది. సూది మెల్లగా దిగి, తన చోట కూర్చుంది.

రువైస్

రువైస్ దేశానికి ఉత్తరం కొస. అక్కడ రోడ్డు అయిపోతుంది. చెక్క పడవలు, ఇనుప తీగతో అల్లిన గుండ్రటి చేపల బోనులు, ఎండుచేపల వాసన. నీళ్ళు ఆకుపచ్చగా, అడుగు కనబడేంత పలుచగా ఉన్నాయి. ఒక చిన్న హోటల్‌లో చేప, అన్నం తిన్నాం. అన్నంలో ఎండు నిమ్మకాయలు వేశారు, పులుపు కోసం. చింతపండు లేని చేప కూర ఎట్లుంటుందా అనుకున్నాను, తినేశాను. డబ్బులు అబూ ఫాహద్ ఇచ్చాడు. నేను ఇవ్వబోతే చెయ్యి గుండె మీద పెట్టుకుని వద్దన్నాడు.

తిన్నాక ఆయన కారు వైపు చూస్తూ చాలాసేపు జపమాల తిప్పాడు. పోశన్న గొంతు సవరించుకుని, సాబ్, పెద్ద బాక్సు అయితే గుద్దుడు ఉండదు, కంప్యూటర్ మెత్తగా మారుస్తుంది అని హిందీలో వివరంగా చెప్పాడు. నిజమే చెప్పాడు. నేల కొంచెం కోయాలి, కానీ కోసినట్టు ఎవరికీ తెలియకుండా తాను అతుకుతానన్నాడు. అదీ నిజమే అయి ఉంటుంది.

అబూ ఫాహద్ శిరీష వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు. "నువ్వు తల్లివి. పెద్దదానివి. నువ్వు చెప్పు, ఈ పిల్ల మాట నమ్మమంటావా?"

నేను అవునంటే సరిపోయేది. ఆయన నవ్వి ఒప్పుకునేవాడేమో. కానీ అప్పుడు అది నా మాట అవుతుంది, దాని మాట కాదు. మెస్సులో పోశన్న అడిగినప్పుడు ఇవ్వని మాట, ఈ పెద్దమనిషి అడిగాడని ఎట్లా ఇస్తాను?

"నేను బండ్ల కూసున్న మనిషిని," అన్నాను హిందీలో, నాకు వచ్చినంతలో. "ఎంచింది ఆ పిల్ల. అడిగేదుంటే దాన్నే అడుగు."

పోశన్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. శిరీష మాత్రం నా వైపు చూడలేదు. ముందుకు వంగింది.

"పెద్ద బాక్సు మంచిదే," అంది. "మెత్తగా పోతుంది. మెత్తగా పోవడమే కావాలంటే మీకు కొత్త కారు ఉంది. మీ నాన్నగారి కారు నేల కోస్తే, మళ్ళీ పాత బాక్సు పెట్టాలన్నా కుదరదు. చిన్నదైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి, ఆయన నడిపింది ఆయన నడిపినట్టే పెట్టొచ్చు. వైరు ఎవరూ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే నేను చేయను."

ఆఖరి మాట అనవలసింది కాదేమో. నా గుండె కూడా ఒక్క గేరు కిందికి దిగింది. కానీ అంది.

అబూ ఫాహద్ లేచాడు. "యల్లా," అన్నాడు, పదండి అని.

తిరుగు దారి

దోహా దాకా ఆయనే నడిపాడు. ఊళ్ళోకి వచ్చాక ప్రతి సిగ్నలు దగ్గరా బండి గుద్దుతూ కదిలింది. నాకు మెడ పట్టేసింది. సూది కదలలేదు.

గరాజ్‌లో మేనేజరు గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు. పోశన్న ఫోన్ వల్ల అతనికి సగం కథే తెలుసు, ఆ సగంతోనే శిరీష వైపు చూస్తున్నాడు. అబూ ఫాహద్ దిగి, తలుపు మెల్లగా వేసి, మేనేజరుతో అరబ్బీలో మూడు ముక్కలు మాట్లాడాడు. మేనేజరు మొహం మారింది. చిన్నదే ఉంచమన్నాడని నాకు తర్వాత తెలిసింది, అరబ్బీ వచ్చిన పోశన్నకు మాత్రం అప్పుడే అర్థమైంది. టోపీ తీసి మోకాలికి కొట్టుకుని, షెడ్డు వెనక్కి వెళ్ళిపోయాడు. నేను తిరిగి వచ్చే రోజు వీడ్కోలు చెప్పడానికి వెళ్ళినా అతను బయటికి రాలేదు. చిన్న బాక్సు నిలబడింది, అతని ఉద్యోగమూ నిలబడింది, అయినా కోపం తగ్గలేదు. ఉండనీ. కోపం అతని హక్కు.

అబూ ఫాహద్ తాళంచెవి శిరీష చేతికి ఇచ్చాడు. ఈసారి ఆమెతోనే, హిందీలో అన్నాడు: "నాలుగో గేరు పెట్టావు కదా, ఇప్పుడు వెనక ఇరుసులో పళ్ళ చక్రాల లెక్క కూడా మార్చాలంటున్నారు. ఏది వేయాలో నువ్వే చెప్పు. ఇప్పుడే తెప్పించమంటాను."

మేనేజరు వెంటనే జేబులోంచి ఫోన్ తీశాడు. అందరూ శిరీష నోటి వైపు చూస్తున్నారు. అవునండీ, ఇదిగో ఇది, అని చెబుతుందనే నేనూ అనుకున్నాను. ఏడాదిపాటు ఫోన్లు ఎత్తిన పిల్ల, ఇంత పెద్దమనిషి అడుగుతుంటే ఇంకేం చెబుతుంది?

"ఇప్పుడు చెప్పను," అంది. "కారు కిందికి దూరి చూడాలి. చూసి చెప్తా."

"ఎన్ని రోజులు?" అన్నాడు మేనేజరు, పళ్ళ మధ్య నుంచి.

"చూసినంక చెప్తా."

అబూ ఫాహద్ గడ్డం గోక్కుంటూ నవ్వాడో లేదో నేను చూడలేదు. శిరీష అప్పటికే చున్నీ నడుముకు చుట్టుకుని, జాకీ లాక్కొస్తోంది. నేను అడ్డం తప్పుకుని, గోడ పక్కన ఖాళీ టైరు మీద కూర్చున్నాను.